పాత గుడ్డే కొలత

కాకినాడలో జగన్నాథపురం వంతెన దిగి ఒక సందులోకి తిరిగితే రేకుల షెడ్డు. పైన ‘కుషన్ వర్క్స్’ అని రంగు వెలిసిన బోర్డు. మా డైనింగ్ కుర్చీ సీటు ఒకటి చంకలో పెట్టుకుని వెళ్ళాను.

“మార్పించడానికా అండి?” అన్నారు మేస్త్రి గారు.

“నేర్చుకోడానికండి.”

నన్నూ సీటునూ మార్చి మార్చి చూసి, స్క్రూడ్రైవరూ పటకారూ చేతికిచ్చారు. “అయితే విప్పండి.”

విప్పడానికే గంటన్నర పట్టింది. పిన్నులు లెక్కపెట్టాను, 74. సగానికి సగం తుప్పు పట్టి, తల చేతికొస్తే కాళ్ళు చెక్కలోనే ఉండిపోయాయి. సముద్రపు గాలికి ఇక్కడ ఇనుము నిలవదు. ఆ మరక గుడ్డకీ ఎక్కుతుంది. విసుగొచ్చి ఒక్క లాగు లాగబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. “చిరిగితే కొలత పోద్దండి.” పాత గుడ్డని కొత్త గుడ్డ మీద పరిచి సుద్దతో గీస్తారన్నమాట. టేపు సరిచూసుకోడానికే.

పక్కనే ఓ పాత సోఫా పొట్ట తెరుచుకుని ఉంది. అడుగున నవారు, దానిపై స్ప్రింగులు, గోనె, ఆపైన కొబ్బరి పీచు. కోనసీమ పక్కనే ఉన్నవాళ్ళం, పీచుకి కొదవేముంది! 1937లో జర్మనీలో ఓటో బేయర్ బృందం పాలీయురేథేన్ కనిపెట్టాక వచ్చిన ఫోమే ఇప్పుడు ఎక్కడ చూసినా. కొట్లో ‘32 డెన్సిటీ’ అంటే ఘనపు మీటరు 32 కిలోలు తూగుతుందని. మేస్త్రి గారికి ఆ లెక్కతో పనిలేదు. బొటనవేలితో నొక్కి వదిలి, గుంట ఎంత తొందరగా పూడుతుందో చూస్తారు.

నా గుడ్డ చారలది. అదే నా కొంప ముంచింది. ఒక అంచు పూర్తిగా బిగించేసి రెండో వైపుకి వెళ్ళాను. చారలన్నీ గోదారి వంపు తిరిగాయి. నాలుగు వైపులా ముందు మధ్యలో ఒక్కో పిన్ను కొట్టి, అక్కణ్ణించి మూలలకి జరగాలట. మూల దగ్గర మిగిలిన గుడ్డని ఆయన బొటనవేలితో లోపలికి తోసి, రెండు మడతలు ఎదురెదురుగా పెట్టి పిన్ను కొట్టారు. నేను అదే మూల నాలుగుసార్లు కొట్టి నాలుగుసార్లు విప్పాను. నాలుగోసారికీ అది కజ్జికాయలాగే ఉంది.

సరదాకి నేర్చుకునేవాళ్ళు ఇలాంటి సీటుతోనే మొదలుపెట్టడం మేలు: నాలుగు స్క్రూలు తీస్తే ఊడొస్తుంది, కుట్టుమిషను అక్కర్లేదు. బతుకుతెరువుకైతే వేరే లెక్క. “మొదటి ఆర్నెల్లూ విప్పడవేనండి, మిషను ఆఖర్న” అన్నారాయన. ఇప్పటి కుర్రాళ్ళు అన్నాళ్ళు ఆగడం లేదట. వాళ్ళని తప్పుపట్టలేను. 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తుల జాబితాలో వడ్రంగి ఉన్నాడు, దర్జీ ఉన్నాడు, కొబ్బరి నార నేసేవాళ్ళూ ఉన్నారు. ఈ ముగ్గురి పనీ తెలిసిన సోఫా మేస్త్రికి మాత్రం చోటు లేదు.

సాయంత్రం సీటు తీసుకుని లేచాను. చెత్తబుట్టలో వేయబోతున్న పాత గుడ్డని ఆయన నా చేతిలోంచి తీసుకుని, దులిపి, మడతపెట్టి ఇచ్చారు.

“ఇంకా మూడు కుర్చీలున్నాయన్నారు కదండీ.”