హాస్టల్ కిటికీలోంచి పారేసిన నీలం మాత్ర

 

మాది కాణిపాకం పక్కన ఎస్టీ కాలనీ. గుడి కథ చిన్నప్పటినుంచీ వింటున్నాం. మూగ, చెవిటి, గుడ్డి ముగ్గురు అన్నదమ్ములు బావి తవ్వుతుంటే రాయికి దెబ్బ తగిలి నెత్తురు వచ్చిందంట, ఆ రాయే వినాయకుడంట. రాయిలో నెత్తురేంది అని అడిగితే, "ప్రాణం ఉండే చోట నెత్తురు ఉంటాది" అనేది మా అవ్వ.

ఆ మాట మాకు కోడిగుడ్డులో కనిపించింది. పొదిగే కోడి కిందనుంచి నాలుగో రోజు గుడ్డు తీసి, చీకట్లో టార్చి వెలుగుకు పెట్టేవాళ్లం. సాలీడు కాళ్ల మాదిరి సన్నటి ఎర్రదారాలు, మధ్యలో ఒక చుక్క. పిల్ల రూపం ఇంకా తెలిసేది కాదు, నెత్తురు దారులు మాత్రం ముందే పడి ఉండేవి.

మాలో కొందరం నర్సింగ్‌కు పోయినాక తెలిసింది, మనిషి బిడ్డకూ ఇదే వరస. గర్భం నిలిచిన మూడో వారంలోనే, పిండానికి అంటుకున్న సొనసంచి గోడలో కణాలు గుంపులు కడతాయి. బయటి కణాలు నాళం గోడ అవుతాయి, లోపలివి నెత్తురు కణాలవుతాయి. చిన్న గొట్టాలు ఒకదాంతో ఒకటి కలుస్తాయి, వాటినుంచి కొత్త కొమ్మలు వేస్తాయి. దాదాపు 22వ రోజుకు గుండె కొట్టుకోవడం మొదలు. అప్పటికి తల్లికి నెల తప్పి వారం. చాలామందికి గర్భమని కూడా తెలియదు.

తర్వాత మాయ గుండా తల్లినుంచి బిడ్డకు ప్రాణవాయువు, ఇనుము అందుతాయి. ఇద్దరి నెత్తురూ కలవదు. తల్లి ఒంట్లో నెత్తురు మాత్రం దాదాపు సగం పెరగాల. దానికి కావలసిన ఇనుములో కొంత ముందునుంచి ఒంట్లో దాచుకున్నదే.

మాలో ఒకరి అక్కకు 17 ఏళ్లకే పెళ్లి చేసినారు. నాలుగో నెలలో పేరు రాయించుకుంటే హిమోగ్లోబిన్ 7 కూడా లేదు. 11 ఉండాల. కాన్పులో నెత్తురు పోయి, రక్తం కోసం మేమంతా రాత్రంతా పరుగులు పెట్టినాం. అక్క బతికింది. బిడ్డ దక్కలేదు.

ఆ రాత్రి మాకు గుర్తొచ్చింది ఒకటే. హాస్టల్లో వారానికొకటి ఇచ్చే నీలం మాత్రను, వాంతికొస్తుందని అక్కతోపాటు మేమందరం కిటికీలోంచి పారేసినాం. అందులో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది. 1945లో దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. బిడ్డ వెన్ను, మెదడు సరిగా మూసుకోవడానికి అది కావాల. ఆ పని కూడా మొదటి నెలలోనే అయిపోతుంది.

అందుకే చెల్లెళ్లూ, మాత్ర అన్నం తిన్నాక వేసుకోండి, టీతో వద్దు. విరేచనం నల్లగా వస్తే భయపడొద్దు. తమ్ముళ్లూ, ఆ మాత్ర మీకూ ఇస్తారు, మీరూ మింగండి. ఇంట్లో చెల్లెలికి 18 నిండకముందే పెళ్లి మాట వస్తే, ముందు అడ్డం నిలబడాల్సింది మీరే.