నాన్నకో దుర్భిణి

మా నాన్నకు 78 ఏళ్లు. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయ్యాక పేపరు ఆసాంతం చదివేస్తున్నారు. ఆ హుషారులోనే ఓ సాయంత్రం "పులికాట్‌కి పోయి పక్షుల్ని చూడాలిరా" అన్నారు.

మాది సూళ్లూరుపేట పక్క పల్లె. శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్య నుంచే పోతుంది కాబట్టి వెళ్లడం కష్టమేం కాదు. చూడటమే కష్టం. శీతాకాలంలో ఫ్లెమింగోలు వేలల్లో దిగుతాయి కానీ మనకోసం రోడ్డు పక్కకు రావు కదా! ఎక్కడో దూరంగా, నీళ్ల మీద గులాబీ రంగు గీత గీసినట్టు కనిపిస్తాయంతే. మా ఇంట్లో ఉన్న ఎనిమిది రెట్ల బైనాక్యులర్స్‌తో చూస్తే ఆ గీత కాస్త లావవుతుంది. అంతకుమించి కావాలంటే స్టాండు మీద పెట్టుకుని ఒంటికన్నుతో చూసే 'స్పాటింగ్ స్కోప్' కొనాలి.

కొన్నాను. ఆన్‌లైన్‌లో, నాలుగు వేల లోపే. డబ్బా మీద '20-60x80' అని ఉంది. అరవై రెట్లు పెద్దగా కనిపిస్తుందంటే ఎవరికైనా ఆశ పుట్టదూ? డాబా మీద బిగించి, దూరంగా ఉన్న సెల్ టవర్ వైపు తిప్పాను. నాన్న కన్ను పెట్టి, "ఏందిరా ఇది, మజ్జిగలోంచి చూసినట్టుంది" అన్నారు.

తప్పు నాదే. అంకెల్ని చూసి మోసపోయాను. తర్వాత కూర్చుని లెక్క తెలుసుకున్నాను. ముందు అద్దం వెడల్పును రెట్లతో భాగిస్తే కంటికి చేరే వెలుతురు చుక్క ఎంతో వస్తుంది. 80 మిల్లీమీటర్ల అద్దంతో 20 రెట్లు చూస్తే 4 మిల్లీమీటర్లు. 60కి తిప్పితే 1.3 మిల్లీమీటర్లే. తెల్లవారుజామున ఆ చుక్కతో చూస్తే అంతా చీకటిమయం. పైగా చిన్న వణుకు కూడా అరవై రెట్లు పెరుగుతుంది. అద్దం నాసిరకమైతే పెద్దది చేసే కొద్దీ మసకే పెద్దదవుతుంది.

డెన్వర్‌లో ఉండే మా బావమరిదికి ఫోన్లో ఈ గోడు చెప్పుకుంటే నవ్వాడు. "మా ఆఫీసులో ఓ పెద్దాయన ఉన్నాడు బావా, ఏటా కొండల్లోకి వేటకెళ్తాడు. ఆయన్ని అడిగి చెప్తా" అన్నాడు. వేటగాడికి దుర్భిణి ఎందుకా అనుకున్నాను. తుపాకి మీద ఎలాగూ ఒకటుంటుంది కదా?

సంగతేమిటంటే, కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద జాతి దుప్పిని కొట్టాలంటే నిబంధనలున్నాయి. చాలా ప్రాంతాల్లో మగదాని కొమ్ముల్లో ఏదో ఒకదానికి కనీసం నాలుగు మొనలుండాలి. లేదా నుదుటి దగ్గరి కొమ్మ అయిదు అంగుళాలుండాలి. ఆ లెక్క తేలకుండా కొట్టకూడదు. అందుకని వేటగాళ్లు పొద్దున్నే ఓ గుట్టమీద కూర్చుని, ఎదుటి కొండవాలును దుర్భిణితో అంగుళం అంగుళం వెతుకుతారు. కొమ్ములు లెక్కపెడతారు. లెక్క కుదరకపోతే తుపాకి ఎత్తరు. కాళ్లతో తిరిగే తిరుగుడంతా కళ్లతో తిరగడమన్నమాట!

రాత్రి భోజనాల దగ్గర ఇది చెప్తే నాన్న చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"మా రోజుల్లో కొట్టినాక చూసుకునేవాళ్లం" అన్నారు.

నాన్న చిన్నప్పుడు వాళ్ల మేనమామతో చెరువుల మీదికి బాతుల వేటకు వెళ్లేవారని తెలుసు. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చింది, 1991 సవరణతో లైసెన్సు వేట కూడా పోయింది. నాన్న అంతకు చాలాముందే మానేశారు. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి చెప్పారు. మంచులో, ఇంకా సరిగా తెల్లారకముందే, నీళ్ల మీద కదిలినదాన్ని పెద్ద బాతు అనుకుని కొట్టారట. తొడలోతు నీళ్లలో దిగి చూస్తే కొంగ. తోక దగ్గర గులాబీ రంగు ఈకలున్న కొంగ. ఇంకా చావలేదట. మేనమామ "వదిలెయ్‌రా, తినేది కాదు" అని గట్టెక్కేశాడట. అంతవరకే చెప్పి, నాన్న చెయ్యి కడుక్కోవడానికి లేచారు.

ఆ తర్వాత నేను ధర చూడటం మానేశాను. అలాగని యూరప్ కంపెనీలవి కొనే శక్తి లేదు, స్వరోవ్‌స్కీ లాంటివి లక్షల్లో ఉంటాయి. మధ్యరకం కొనడానికి నాన్నను తీసుకుని చెన్నైలో ఓ దుకాణానికి వెళ్లాను. డెన్వర్ పెద్దాయన చెప్పిన పరీక్ష అక్కడ పెట్టాం: ఎండ పడుతున్న ఆకాశం ముందు కరెంటు తీగనో కాకినో చూడాలి. మామూలు అద్దమైతే నలుపు అంచున ఊదా రంగు చార కనిపిస్తుంది. 'ఈడీ' గాజు అద్దంలో ఆ చార దాదాపు ఉండదు. దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలు చదివి, గుండ్రం అంచుల దగ్గర కూడా చదవగలమా అని చూడాలి. నాలాంటి కళ్లజోడు వాళ్లు జోడు తీయకుండా మొత్తం గుండ్రం కనపడుతుందో లేదో చూసుకోవాలి.

కుర్రాడు తిన్నగా ఉండే గొట్టం చూపించాడు. నాన్న మెడ వంచి చూడలేక అవస్థ పడ్డారు. కన్ను పెట్టేచోట పైకి వంగి ఉన్న రకం తీసుకున్నాం. కుర్చీలో కూర్చుని, బావిలోకి తొంగిచూసినట్టు చూడొచ్చు. 80 మిల్లీమీటర్లది బరువని 65తో సరిపెట్టాం. స్టాండు దగ్గర మాత్రం కక్కుర్తి పడలేదు. మొత్తం అరవై వేలు దాటింది. మా ఆవిడ "ఫ్రిజ్ మార్చమంటే మార్చరు" అంది. నిజమే.

జనవరిలో ఓ ఆదివారం తెల్లవారకముందే రోడ్డు పక్కన కుర్చీ వేశాం. నేను ఉత్సాహంగా రెట్లు పెంచబోతే నాన్న చెయ్యి పట్టుకుని ఆపారు. ఇరవైలోనే చూశారు. ఫ్లెమింగోలు తల నీళ్లలో తలకిందులుగా పెట్టి వంపు ముక్కుతో జల్లిస్తుంటే కాసేపు చూసి, గొట్టం మెల్లగా ఎడమకి తిప్పారు. ఒకచోట ఆగారు. చాలాసేపు మాట్లాడలేదు. ఫ్లాస్కులోంచి పోసిన టీ చల్లారిపోయింది.

"కొంగలా నాన్నా?" అన్నాను.

"పద్నాలుగు" అన్నారు, కన్ను తీయకుండా.

తొమ్మిదిన్నర దాటాక నీళ్ల మీద ఆవిరి ఆడటం మొదలైంది. ఎంత ఖరీదైన అద్దమైనా ఆ అలల్ని దాటి చూడలేదు. "ఎండెక్కింది, ఇంక దండగ" అని నాన్నే లేచారు. అప్పటికి వలలు భుజాన వేసుకుని వెళ్తున్న ఇద్దరు జాలరి పిల్లలు మా దగ్గర ఆగారు. నాన్న మళ్లీ కూర్చుని, వాళ్ల ఎత్తుకు స్టాండు కాళ్లు దించడం మొదలుపెట్టారు.