చేపల తొట్టీ – పైపుల మేస్త్రీ

ఇంట్లో గొట్టం కారడం మొదలుపెడితే మనుషులు మూడు తెగలుగా చీలిపోతారు. "మేస్త్రీని పిలవండి" అనేవారు ఒక తెగ. "ఇంతోటి దానికి మేస్త్రీ దేనికి? ఆ హాక్సా బ్లేడు ఇట్లా పారెయ్యి" అంటూ పంచె ఎగగట్టేవారు రెండో తెగ. మూడో తెగవారు ఏ పనీ చెయ్యరు. కాఫీ గ్లాసు పుచ్చుకుని మిగతా ఇద్దరికీ సలహాలు చెబుతూ వుంటారు. ముప్ఫయ్యేళ్లు లెక్కల మాస్టారుగా పనిచేసినవాణ్ణి గనుక నేను పుట్టుకచేత రెండో తెగవాణ్ణీ, వృత్తిచేత మూడో తెగవాణ్ణీ. మా ఆవిడది మాత్రం అచ్చంగా మొదటి తెగ.

అటువంటి సంసారంలోకి చేపల తొట్టి వచ్చి పడింది.

మాది గరికపాడు. హైదరాబాదు నుంచి బెజవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారి మీద, పాలేరు వంతెన పక్కన వుంది. 2014లో రాష్ట్రం రెండయినప్పుడు సరిహద్దు మా వూరి ముంగిట్లోకి వచ్చి కూర్చుంది. 2022లో జిల్లాలు పంచినప్పుడు కృష్ణా జిల్లా మమ్మల్ని ఎన్.టి.ఆర్. జిల్లాకు అప్పగించింది. ఇన్ని జరిగినా మేము మాత్రం వున్నచోటే వున్నాం. కదిలినవాడు మా అబ్బాయి. 2023 వేసవిలో పెళ్లాం పిల్లతో పై దేశం వెడుతూ, హైదరాబాదు ఇంట్లోని నాలుగడుగుల గాజు తొట్టినీ, ఏడు బంగారు చేపలనూ మాకు అప్పగించి వెళ్లాడు. "తాతయ్యా, నేను వచ్చేదాకా ఒక్కటి కూడా చావకూడదు" అని పదేళ్ల మనవరాలు చేతిలో చెయ్యి వేయించుకుంది. ఆస్తి అప్పగింతలకు పత్రాలుంటాయి, సాక్షులుంటారు. ఇటువంటి అప్పగింతకు అవేమీ వుండవు. అందుకే దీని బరువెక్కువ.

బంగారు చేప చూడముచ్చటగా వుంటుందేగాని మహా తిండిపోతు. తిన్నదానికి తగ్గట్టు నీళ్లు పాడుచేస్తుంది. అందుకని తొట్టి కింద మరో చిన్న తొట్టి వుంటుంది. పై తొట్టిలో నీళ్లు ఒక కన్నంగుండా కిందికి దిగి, స్పాంజీల గుండా వడగట్టుకుని, చిన్న మోటారుతో మళ్లీ పైకి ఎక్కుతాయి. ఈ దిగే గొట్టం, ఎక్కే గొట్టం కొత్తగా అమర్చాలి. సొంతంగా చెయ్యడమా, మేస్త్రీని పిలవడమా అన్నదే ప్రశ్న.

అబ్బాయి ఫోనులో బొమ్మలు పంపాడు. "ఏముంది నాన్నా, నాలుగు ఎల్బోలూ, రెండు వాల్వులూ" అన్నాడు. పక్కింటి బాబాయిగారు, "మేస్త్రీకిచ్చే కూలికి లోభిస్తే ఇల్లంతా చెరువవుతుంది" అన్నారు. ఇద్దరూ డబ్బు సంగతే మాట్లాడారని గమనించండి. నాకు మాత్రం లెక్క మరోచోట వున్నట్టు తోచింది. కాగితం తీసుకున్నాను.

తొట్టి నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. అంటే తొమ్మిది ఘనపుటడుగులు. అంచుదాకా పోస్తే సుమారు 255 లీటర్లు, అంటే 255 కిలోల నీళ్లు. కింది తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. నిండా పోసినా 56 లీటర్లే. కరెంటు పోయిందనుకోండి. (మనవైపు అనుకోనక్కరలేదు, పోతుంది.) మోటారు ఆగిన మరుక్షణం, నీళ్లను పైకి మోసిన గొట్టమే వాటిని కిందికి పీల్చడం మొదలుపెడుతుంది. డ్రమ్ములోంచి రబ్బరు గొట్టంతో కిరసనాయిలు లాగడం చూశారు గదా, అదే సూత్రం. ఆ గొట్టం మూతి నీటిమట్టానికి అంగుళం లోతున వుంటే 14 లీటర్లు దిగి ఆగిపోతాయి. అడుగు లోతున వుంటే 170 లీటర్లు దిగుతాయి. కింది తొట్టిలో సగం ఖాళీ వుంచినా పట్టేది 28. మిగతావన్నీ మా హాల్లో వుంటాయి, చేపలు పైన జానెడు నీళ్లలో కొట్టుకుంటూ వుంటాయి.

ఈ లెక్క ఏ మేస్త్రీ పనిముట్ల సంచిలోనూ వుండదు. అట్లాగని గొట్టం నిటారుగా కొయ్యడం, అతుకు కారకుండా వెయ్యడం నా లెక్కల పుస్తకంలోనూ లేదు.

చివరికి పేట నుంచి ఒక కుర్రాణ్ణి పిలిపించాను. మా వైపు జగ్గయ్యపేటను పేట అంటేనే అర్థమవుతుంది. ముప్ఫయ్యేళ్లుంటాయి, పనిమంతుడు. తొట్టి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "దీనికింత ఆలోచన దేనికండీ మాస్టారూ? పైనొక ట్యాంకు, కిందొక ట్యాంకు, మధ్యన మోటారు. డాబా మీద ట్యాంకుకూ దీనికీ తేడా ఏముందండీ?" అన్నాడు.

"డాబా మీద ట్యాంకులో ఎవరూ కాపరముండరు నాయనా!" అన్నాను.

అతను నవ్వి సంచి విప్పాడు. అందులో పాత ఇళ్లల్లో ఇనప గొట్టాల మరలకు పూసే సఫేదా డబ్బా వుంది, ఇత్తడి వాల్వు వుంది, జింకు పూత పూసిన ఇనప గొట్టం ముక్క వుంది. ఇంటి కుళాయికి ఎన్నాళ్లుగానో వాడుతున్న సరుకే అదంతా. కాని చేప నీళ్లు తాగి పోయేది కాదు. ఆ నీళ్లల్లోనే ఊపిరి పీల్చేది. పూర్వపు సఫేదా అంటే సీసం. ఇత్తడిలో వున్నది రాగీ జింకూ. రాగి కొంచెం చాలు నత్తలకూ రొయ్యలకూ ప్రాణాంతకం; జింకు చేపల మొప్పలకు చేటు. ఇదంతా చెప్పేసరికి అతను డబ్బా మూత పెట్టేసి, "అయితే అంతా ప్లాస్టిక్కే వేద్దామండీ, మరలున్నచోట టెఫ్లాను టేపు చుడదాం" అన్నాడు. చెబితే వినే మేస్త్రీ దొరకడం సగం పని అయినట్టే.

మిగతా సగం అతను నాకు చెప్పాడు. ఎక్కే గొట్టం ముప్పావంగుళానిది గనుక దిగే గొట్టం కూడా అంతే చాలునని అబ్బాయి పంపిన బొమ్మలో వుంది. మేస్త్రీ తల అడ్డంగా తిప్పాడు. "స్నానాలగదిలో కుళాయి అరంగుళం, తూము రెండంగుళాలూ ఎందుకుంటాయండీ? ఎక్కే నీళ్లను మోటారు నెడుతుంది, దిగే నీళ్లను ఎవరూ నెట్టరు" అన్నాడు. దిగే గొట్టం ఒకటిన్నర అంగుళాలది వేశాడు. ఇంకో మాట కూడా అన్నాడు: "ఇక్కడి నీళ్లకు రెండేళ్లలో గొట్టంలో సున్నం కడుతుందండీ. అంతా అతికించేస్తే కోసెయ్యాల్సిందే. యూనియన్లు వేస్తాను, విప్పి కడుక్కోవచ్చు." మా మెట్ట నేల సున్నపురాయి నేల, చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది అందుకే. బంగారు చేపకు ఆ కఠినజలం ఇబ్బంది లేదుగాని గొట్టానికి ఇబ్బందే.

గాజుకు కన్నం వెయ్యడం మాత్రం మా ఇద్దరి పనీ కాదని ముందే తేల్చుకున్నాం. అది వజ్రపు పొడి పొదిగిన బరమాతో, నీళ్లు పోస్తూ, నెమ్మదిగా చెయ్యవలసిన పని. కాల్చి గట్టిపరిచిన గాజయితే బరమా తగలగానే ముక్కలు ముక్కలవుతుంది. తొట్టిని బెజవాడలో గాజు పనివారి దగ్గరకు పంపి వేయించాము. కన్నం లేకుండా అంచు మీదుగా నీళ్లు లాగే పెట్టె కూడా దొరుకుతుంది. కాని కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాని పట్టు తప్పే భయం వుంది. అప్పుడు మోటారు పైకి తోడుతూనే వుంటుంది, నీళ్లు దిగే దారి వుండదు. కరెంటు నిలకడగా వుండే వూళ్లకు అది సరిపోతుందేమోగాని మాకు కాదు.

ఆ విధంగా పని మూడు వాటాలయింది. చేతికి చాలనిది గాజు పనివారికి. చేతి అలవాటు కావలసినది మేస్త్రీకి. చేపకు సంబంధించినదీ, లెక్కకు సంబంధించినదీ నాకు. నా కొలబద్ద ఒక్కటే. పని చెడితే ఎట్లా చెడుతుంది? చెడినప్పుడు ఇంట్లో ఎవరుంటారు? కళ్లముందు చుక్క చుక్కగా కారే లోపమయితే సొంత చేతితో ప్రయత్నించవచ్చు. మనం లేనప్పుడు ఒక్కసారిగా విరుచుకుపడే లోపమయితే తెలిసినవాడి చెయ్యి పడాలి. ఎవరు చేసినా సరే, మూసే చెవి ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి.

ఈ ఆఖరి మాట మీద మా ఆవిడ పట్టుబట్టింది. "మీకు డెబ్బయ్యి దాటాయి. ఎప్పుడూ మీరే వుంటారా? నాకు చెప్పండి" అంది. ఎంత సులువుగా అన్నదో అంత సులువుగా వినలేకపోయాను. అతుకులు ఒక రోజంతా ఆరాక, నీళ్లు నింపి, మోటారు నడిపి, మేస్త్రీ ఎదుటనే స్విచ్చి తీయించాను. కింది తొట్టిలో నీళ్లు పెరిగి పెరిగి, నా లెక్క ప్రకారం గీసిన గీత దగ్గర ఆగిపోయాయి. ఆవిడ ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి ఎర్రదారం తెచ్చి, మోటారు గొట్టం మీది వాల్వు చెవికి కట్టింది.

2024 ఆగస్టు నెలాఖరున కంటి డాక్టరుకు చూపించుకోవడానికి బెజవాడ వెళ్లాను. ఆ వాన మీకందరికీ జ్ఞాపకం వుంటుంది. సెప్టెంబరు 1వ తేదీకి బెజవాడలో బుడమేరు ఇళ్లల్లోకి వచ్చింది. నందిగామ దాపున ఐతవరం దగ్గర మున్నేరు రహదారి మీదికెక్కింది. మా వూరి దగ్గర పాలేరు వంతెన పక్క రోడ్డు కోసుకుపోయింది. లారీలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మా ఇంటి కరెంటు పోయింది, ఫోను మూగపోయింది. ఇంట్లో ఆవిడ ఒక్కతే. ఆ పూట ప్లంబరును పిలవాలా, సొంతంగా చేసుకోవాలా అనే చర్చకు తావు లేదు.

మూడోనాడు ఇల్లు చేరేసరికి హాలు పొడిగా వుంది. ఆవిడ తొట్టి పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని, చెంబుతో నీళ్లు ముంచి మూరెడెత్తు నుంచి తిరగబోస్తూంది. నీళ్లు అట్లా కలియబడితేనే గదా వాటికి గాలి! రెండు రాత్రులు గంట గంటకూ లేచి పోసిందట. చేపలకు మేత వెయ్యలేదు. తినకపోతే నీళ్లు పాడుకావని ఆవిడకు తెలుసు. సాయంత్రం కరెంటు వచ్చింది. నేను స్విచ్చి వెయ్యబోతే చెయ్యి పట్టుకుంది. స్పాంజీల్లో మురికిని తినే సూక్ష్మజీవులకు ప్రవాహం ఆగితే ఊపిరి ఆగుతుంది. అవి చచ్చి కింది తొట్టి నీళ్లు కుళ్లుతాయి. ఆ నీళ్లు పైకెక్కితే అంతదాకా కాపాడినవీ పోతాయి. ఆవిడ ఎర్రదారం చెవి మూసి, యూనియను విప్పి, కింది నీళ్లు కొబ్బరిచెట్టుకు పోసి, స్పాంజీలు పై తొట్టి నీళ్లలోనే ఝాడించి, కొత్తనీళ్లు నింపి, మళ్లీ బిగించి, చెవి తెరిచి, అప్పుడు స్విచ్చి వేసింది.

ఏడింటిలో ఆరు మిగిలాయి. మనవరాలికి ఫోనులో ఆవిడే చెప్పింది. అవతల కాసేపు మాటలేదు. తరవాత, "నాయనమ్మా, రెండు రాత్రులూ నిద్దరపోలేదా?" అని అడిగింది పిల్ల.

పోయిన సంక్రాంతికి మేస్త్రీ వచ్చాడు. ఏ కుళాయీ కారలేదు, మేము పిలవనూ లేదు. కూతురు చేపలు కావాలని మారాం చేస్తూందట. చిన్న తొట్టి కొన్నాడట. వీధి అరుగు మీద కూర్చుని, "పైపుల సంగతి నేను చూసుకుంటానండీ మాస్టారూ. నీళ్ల సంగతి మీరు చెప్పండి" అన్నాడు.

"నన్ను కాదు నాయనా, లోపల అమ్మగారున్నారు, ఆవిణ్ణి అడుగు" అన్నాను.