గుణానికి మంచిది

మొన్నటి వేసవి నడిమిలో మా ఆలూరి వీధికుళాయికి పదునొకండు దినములు నీరు రాకపోగా, ఇరుగుపొరుగువారి ప్రోద్బలమున నేనొక అర్జీ వ్రాసి, పదిమందిచేత వ్రేలిముద్రలు, సంతకములు పెట్టించి కచేరీకి పంపితిని. దానికి మూడు వారముల పిమ్మట ప్రత్యుత్తరము వచ్చినది. ఈలోపల నీరు వచ్చుటయు, పోవుటయు, మరల వచ్చుటయు జరిగిపోయినందున ఆ యుత్తరము కొఱకు ఎదురు చూచువాడెవడును లేడు. అయినను విప్పి చదివితిని. "సదరు సమస్య తాత్కాలిక స్వభావము కలిగినదై యున్నది" అని అందున్నది. నీరు రాలేదన్న కోపము నాకెప్పుడో చల్లారినది గాని, ఈ వాక్యము చదివినప్పుడు పుట్టిన కోపము నేటికిని చల్లారలేదు.

సమస్య తాత్కాలికమనిన చాలునుగదా, నడుమ ఈ స్వభావమెక్కడనుండి దిగినది? కుళాయికి స్వభావముండునా? ఉండునేని మా కుళాయి స్వభావమును నేను ముప్పది యేండ్లుగా నెఱుగుదును. అందు శాశ్వతమైనది నీరు రాకుండుటయే. "టెంపరరీ ఇన్ నేచర్" అను కచేరీ ఇంగ్లీషు పంచె కట్టుకొని వచ్చి మన యరుగుమీద చదికిలబడినదని గ్రహించుటకు పెద్ద పాండిత్య మక్కఱలేదు. ఆ భాషలో విశేషణమునకు వెనుక ఈ "ఇన్ నేచర్" తగిలించనిదే కొందఱకు వాక్యము నిలువదు. రహస్యమైన కాగితము "కాన్ఫిడెన్షియల్ ఇన్ నేచర్" అగును. పెద్ద తప్పు "సీరియస్ ఇన్ నేచర్" అగును. దీనికి తోబుట్టువులు కూడ కలరు: "రెడ్ ఇన్ కలర్", "రౌండ్ ఇన్ షేప్", "లార్జ్ ఇన్ సైజ్". ఎఱుపు రంగు గాక రుచి యగునా? ఆ భాష శైలీవేత్తలే ఇట్టి తోకలను కత్తిరింపుడని ఎంతకాలమునుండియో మొత్తుకొనుచున్నారు. వారు కత్తిరించిన తోకలన్నియు మన కచేరీలలో మొలచినవి.

నా చిన్నతనమున మా ఎనుము తప్పిపోయినప్పుడు మా నాయనవెంట నేనొక ఠాణాకు పోయితిని. అచ్చటి రైటరు, "ఎట్లుంటాది?" అని అడుగగా మా నాయన, "ఎనుము ఉన్నట్టే ఉంటాది సామీ" అనెను. రైటరు కలము ముంచి, "నలుపు వర్ణము కలిగినట్టియు, పెద్ద పరిమాణము కలిగినట్టియు, సాధు స్వభావము కలిగినట్టియు ఎనుము ఒకటి" అని వ్రాసి, గంభీరముగా చదివి వినిపించెను. మా నాయన విని, కొంతసేపాలోచించి, "అది మాది కాదేమో సామీ" అనెను. ఎనుము మఱునాటి సాయంకాలమునకు తానే ఇల్లు చేరినది.

న్యాయము తప్పరాదు గనుక ఒక మాట ఒప్పుకొందును. పైకి జాతర తగవువలె కనబడునది లోన రెండు కక్షల రాజకీయమే అయినప్పుడు, ఆ తగవు "పొలిటికల్ ఇన్ నేచర్" అని ఇంగ్లీషువాడనిన, ఆ తోకకు పని యున్నది; కనబడు రూపము వేఱు, లోని గుణము వేఱు అని చెప్పుటకే అది వచ్చినది. సంస్కృతవైయాకరణులకును ఈ యక్కఱ తెలియనిది కాదు. పాణిని కర్తృకరణములకు తృతీయావిభక్తిని విధింపగా, కాత్యాయనుడు తన వార్తికమున ప్రకృతి మొదలగు శబ్దములకును తృతీయ కలుగునని చేర్చెను. ప్రకృతిచేత సుందరుడు, గోత్రముచేత గార్గ్యుడు అనునవి అట్టివి. అవయవలోపము చెప్పునప్పుడు ఆ యవయవమునకు తృతీయ వచ్చుటకు పాణిని సూత్రమే కలదు. ఇంగ్లీషువాడు "బ్లైండ్ ఇన్ వన్ ఐ" అనునది ఇదియే. తెలుగువాడు పాఠశాలలో "కన్నుచేత గ్రుడ్డివాడు" అని అన్వయము చెప్పి, ఇంటికి వచ్చి "ఒంటికంటివాడు" అని ఊరకుండును.

మఱి తెలుగువాని కీ యక్కఱ కలిగినప్పుడు ఏమి చేయును? ఈ ప్రశ్నకు సమాధానము నాకు వ్యాకరణములలో గాక మా అవ్వ నోట దొరకినది. తిరిగి వచ్చిన ఆ ఎనుమును గాటికి కట్టుచు ఆమె, "చూసేకి మొండిగా ఉంటాది గానీ గుణానికి మంచిది నాయనా" అనెను. గుణానికి మంచిది! "స్వభావము కలిగినట్టియు" అని రైటరు అరపంక్తి నింపిన చోట మా అవ్వ ఒక్క "కి" పెట్టి పని ముగించెను. అప్పటినుండి ఈ "కు" నాకొక పిచ్చియైనది. వయసుకు చిన్నవాడు, బుద్ధికి పెద్దవాడు. మాటకు మెత్తన, మనసుకు గట్టి. పేరుకు దొర, లెక్కకు తక్కువ, కంటికి ఇంపు. షష్ఠీవిభక్తి ప్రత్యయములలో నొక మూలను కూర్చున్న ఈ చిన్న కువర్ణకము ఇంగ్లీషు "ఇన్"కును, సంస్కృత తృతీయకును చాలినంత పని చేయుచుండ, దానిని కాదని మనము "రీత్యా", "పరముగా", "దృష్ట్యా", "స్వభావము కలిగిన" అని మూటలు మోయుచున్నాము. మంచి గుణము కలిగినది అనిన ఎనుమునకు గుణమను ఆస్తి ఒకటి యున్నట్లు తోచును. గుణానికి మంచిది అనిన ఏ వైపునుండి చూచి మంచిదనుచున్నామో తెలియును. ఈ భేదము తెలియనివాడు అర్జీలకు ప్రత్యుత్తరములు వ్రాయరాదని నా నిశ్చితాభిప్రాయము.

మా అవ్వ అన్న "చూసేకి" హగరి యేటి ఆవలి కన్నడమువారి "నోడోకె"తో వరుస కలుపునని నా అనుమానము. మాది ఒకప్పుడు బళ్లారి జిల్లాయే కదా. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకు వచ్చి, తక్కినవి మైసూరుకు పోయినవి గాని, ఆ సంగతి మాటలకెవరును తెలుపలేదు. ఆ బళ్లారికి కలెక్టరైన ఏ. డి. క్యాంబెల్ 1816లోనే తెలుగు వ్యాకరణము ప్రకటించినవాడు. ఆయన 1823లో రెవెన్యూ బోర్డునకు పంపిన నివేదికలో జిల్లాబడులు 533 అని లెక్క చెప్పెను. అందు కన్నడపుబడులు 235, తెలుగుబడులు 226, ఇంగ్లీషుబడి ఒక్కటి. పిల్లలు వాడుకభాషకు దూరమైన పద్యములను అర్థమెఱుగక వల్లించుచున్నారని ఆయన ఆక్షేపించెను. గ్రాంథికము విడువలేని నావంటివానికి ఆ దెబ్బ తగిలినమాట నిజమే. అయినను ఆ పద్యములు పైకి అర్థముకాకున్నను చెవికి ఇంపు. నాకు వచ్చిన ప్రత్యుత్తరము చెవికిని కాదు, బుద్ధికిని కాదు.

ఇంత రోషమేల అందురా? నేను బడిపంతులుగా చేరిననాటి ఉత్తరువులో "ఈ నియామకము పూర్తిగా తాత్కాలిక స్వభావము కలిగినది" అని యున్నది. ప్రతి యేటను వేసవి సెలవులకు ముందు నన్ను తొలగించి, బడి తెఱచినపుడు మరల చేర్చుకొని, సెలవుల జీతము మిగుల్చుకొనిరి. ఇట్లు పదునొకండేండ్లు. పదునొకండు ఉత్తరువులు, పదునొకండు స్వభావములు. కూతురి పెండ్లికి సంబంధము చూడవచ్చినవారు ఉద్యోగము పర్మనెంటా అని అడిగినప్పుడు, స్వభావమునకు తాత్కాలికము గాని అలవాటుకు శాశ్వతమని చెప్పితిని. వారు నవ్విరి, సంబంధము కుదురలేదు. ఏటేట ఆ రెండు నెలలు నా పొద్దుటి పలహారమునకు ఖాతా తెఱచినవాడు బడి యెదుట హోటలువాడు. "జీతం వచ్చినప్పుడు ఇద్దువులే సారూ, ఉగ్గాని ఆరిపోతాది, తిను ముందు" అనెడివాడు.

ఉగ్గాని యనిన కోస్తావారికి తెలియదు. చూపునకు బొరుగులే గాని రుచికి వేఱు లోకము. ఎఱ్ఱగడ్డలు, పచ్చిమిరపకాయలు, పసుపు వేసి తిరుగబోత పెట్టి, పైన పుట్నాలపొడి చల్లి, ప్రక్కన వేడి మిరపకాయ బజ్జీ పెట్టి ఇచ్చినచో, జీతము రాని నెలయని మఱచిపోవచ్చును. అతని ఉగ్గాని ముద్దగాదు, గరగరలాడదు. ఆ మర్మమొకనాడు అడిగి తెలిసికొంటిని. బొరుగులను నీటిలో నాననీయరాదు. ముంచిన వెంటనే తీసి, రెండు చేతులతో గట్టిగా పిండవలెను.