కొండమీది చెరువు, గాలం, ఆ తర్వాత నెల్లాళ్ళు

నెల్లాళ్ళ క్రితం ఒక ఆదివారం పొద్దున్నే మా అక్కయ్య కొడుకు ఊడిపడ్డాడు. చేతిలో ఓ కాగితం.

"మావయ్యా, నలుగురం కలిసి తాజంగి వెళ్తున్నాం. చెరువు గట్టున టెంట్లు వేసుకుని రెండు రాత్రులుంటాం. గాలాలు కూడా కొన్నాం. మందుల పెట్టెలో ఏం పెట్టుకోవాలో రాసియ్యి" అన్నాడు.

తాజంగి అంటే ఎక్కడో అనుకునేరు. అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, లంబసింగికి దగ్గర్లోనే ఉంది. నర్సీపట్నం నుంచి ఘాటు రోడ్డెక్కితే, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, చుట్టూ కొండలు, మధ్యన రిజర్వాయరు. చలికాలం తెల్లవారుజామున నీళ్ళమీద మంచు కమ్ముకుని ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడేళ్ళు ఏజెన్సీలో పనిచేశాను కాబట్టి ఆ గాలి నాకు తెలుసు. వెళ్ళొద్దని చెప్పేంత ముసలివాణ్ణి ఇంకా కాలేదు.

కాగితం చూశాను. గాలాలు నాలుగు, టెంట్లు రెండు, పాటలపెట్టె ఒకటి, మారినేషను పొడి, బొగ్గులు ఒక బస్తా. అట్టడుగున "మందులు" అని రాసి, పక్కన ప్రశ్నార్థకం. దానిపక్కన "పారాసిటమాల్ ఒక షీటు".

"ఎత్తుమీద ఊపిరాడదంటారు, నిజమేనా?" అని అడిగాడు. ఆ భయం ఇక్కడ అక్కర్లేదు. కొండజబ్బు సాధారణంగా 2,500 మీటర్లు దాటాక వచ్చే బాధ. లడఖ్‌లో పాంగాంగ్ సరస్సుకు వెళ్ళేవారు దాన్ని గురించి ఆలోచించాలి, మెల్లమెల్లగా ఎక్కాలి. లంబసింగికి వెళ్ళేవారికి ఆ గొడవ లేదు. మనవాళ్ళతో వచ్చిన చిక్కే ఇది. పులి వస్తుందా, ఊపిరాడదా అని అడుగుతారు గాని, బొగ్గుల బస్తా గురించి ఎవరూ అడగరు.

"బొగ్గులు దేనికిరా?"

"చేప కాల్చుకోడానికి మావయ్యా. రాత్రి చలేస్తే అవే నిప్పులు టెంటులో పెట్టుకోవచ్చు."

కలం తీసి బొగ్గుల పక్కన "బయట మాత్రమే" అని రాసి, కింద రెండు గీతలు గీశాను. ఎందుకో మీకూ చెబుతాను. ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. చదివి కూడా మరిచిపోయి, ఒంటిమీదికి తెచ్చుకున్నది.

ఏజెన్సీలో పనిచేసేటప్పుడు ఒక గూడెంలో రెండు రోజుల వైద్య శిబిరం పెట్టాం. జనవరి నెల. నేను, కాంపౌండరు గారు, డ్రైవరు ఒకే గుడారంలో పడుకున్నాం. చలి ఎముకలు కొరుకుతోంది. వంట చేసిన కుంపటిలో నిప్పులు ఎర్రగా, పొగ లేకుండా, ముచ్చటగా ఉన్నాయి. పొగ లేదు కదా అని లోపల పెట్టుకుని, గాలి రాకుండా గుడ్డ అంచులమీద రాళ్ళు పెట్టాం. అర్ధరాత్రి కాంపౌండరు గారు బయటికి వెళ్దామని లేచి, రెండడుగులు వేసి గుమ్మం గుడ్డమీద పడిపోయాడు. ఆయన పడటంతో గుడ్డ ఊడివచ్చి చల్లగాలి లోపలికి కొట్టింది. నాకు మెలకువ వచ్చేసరికి తల పగిలిపోతోంది, వాంతి వస్తోంది, కాళ్ళు మాట వినడం లేదు. ఎలాగో డ్రైవర్ని బయటికి ఈడ్చాను. ముగ్గురం తెల్లారేదాకా మంచులో కూర్చున్నాం. కాంపౌండరు గారికి ఆ వేళప్పుడు ఒంటేలు రాబట్టి ఈ వ్యాసం మీరు చదువుతున్నారు.

కాలే బొగ్గునుంచి కార్బన్ మోనాక్సైడు అనే వాయువు వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబినును ప్రాణవాయువుకన్నా రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మనిషికి ఉక్కిరిబిక్కిరి కాదు, నిద్ర ముదురుతుంది, అంతే. పొగలేని నిప్పు మంచిదనుకోవడం పొరపాటు. పొగ ఉంటే దగ్గొచ్చి లేస్తాం. గ్యాసు పొయ్యి అయినా, జనరేటరు అయినా ఇదే మాట. టెంటులోకి, మూసిన కారులోకి, తలుపులేసిన గదిలోకి నిప్పు తేవద్దు. చలికి రెండో దుప్పటి, ఊలు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు చాలు. తలనొప్పి, వికారం ఒకేసారి ఇద్దరికి మొదలైతే ఏం తిన్నామా అని ఆలోచించకండి, ముందు బయటికి రండి.

ఇక చెరువు. గాలం వేసి కూర్చునేవాడు మునిగిపోడని అనుకుంటాం. చేప లాగినప్పుడు గట్టుమీది బురద జారుతుంది, గాలం పోతుందని ఒకడు నీళ్ళలోకి దిగుతాడు, వాడికోసం ఇంకొకడు దిగుతాడు. రిజర్వాయరు అడుగు మన ఊరి చెరువులా చదునుగా ఉండదు. అంతవరకూ మోకాల్లోతు ఉండి, తర్వాతి అడుగులో తల మునగవచ్చు. మోకాళ్ళు దాటి దిగవద్దన్నాను. పడవెక్కితే లైఫ్ జాకెట్టు ఉండాలి. సీసా మూత తీసినవాడు ఆ రోజుకి నీళ్ళవంక వెళ్ళకూడదు. (మా వాడు ఇక్కడ కిటికీలోంచి బయటికి చూశాడు.) ఎవరైనా మునుగుతుంటే తాడో, వెదురుబొంగో అందివ్వండి గాని వెనకాలే దూకవద్దు. బయటికి తీశాక కాళ్ళు పట్టుకుని తిప్పడం, కడుపు నొక్కి నీళ్ళు కక్కించడం పల్లెల్లో ఇంకా చూస్తున్నాను. దానివల్ల పోయేది కాలం, వచ్చేది ఏమీ లేదు. ఊపిరి లేకపోతే ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదండి. అప్పటికీ కదలిక లేకపోతే, రొమ్ము మధ్య ముప్ఫైసార్లు గట్టిగా నొక్కి, రెండుసార్లు ఊదుతూ, 108 వాళ్ళు వచ్చేదాకా ఆపకుండా చేయండి. ఫోను ఎక్కడ అందుతుందో వెళ్ళిన వెంటనే చూసి పెట్టుకోవాలి, ఆపద వచ్చాక వెతుక్కోకూడదు.

గాలపు కొక్కేనికి వెనక్కి తిరిగిన ముల్లు ఉంటుంది. వేలికి గుచ్చుకుంటే వెనక్కి లాగకండి, మాంసం చీల్చుకుని వస్తుంది. దారం కత్తిరించి, కొక్కెం కదలకుండా గుడ్డ చుట్టి ఆసుపత్రికి రండి. చింతపల్లిలో ప్రభుత్వాసుపత్రి ఉంది. కంటికి గుచ్చుకుంటే ముట్టుకోనే వద్దు. జెల్ల, మార్పు లాంటి చేపల ముల్లు పొడిస్తే భరించలేని మంట పుడుతుంది. ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో, అంటే సుమారు 45 డిగ్రీలు, అరగంటకు తక్కువ కాకుండా చెయ్యి ముంచి ఉంచితే తగ్గుతుంది. వేడి ముందు రెండో చేత్తో చూసుకోండి, కాల్చుకుని వచ్చినవాళ్ళున్నారు. ధనుర్వాతం ఇంజక్షను ఎప్పుడు చేయించుకున్నారో వెళ్ళేముందే గుర్తు చేసుకోండి. అన్నట్టు, రిజర్వాయర్లలో చేపల హక్కు చాలాచోట్ల స్థానిక మత్స్యకారుల సంఘాలది. వాళ్ళనడిగి గాలం వేయడం మర్యాద. ఎక్కడ లోతో చెప్పేదీ వాళ్ళే.

తాగే నీళ్ళు మరిగించుకోండి. తళతళా మరిగాక ఒక నిమిషం చాలు. రాత్రి టెంటు జిప్పు పూర్తిగా వేసి పడుకోండి, ఉత్త నేలమీద వద్దు. కట్లపాము నిద్రలో కరిస్తే నొప్పి కూడా తెలియదు. తెల్లారి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం ఉంటే, గాటు కనపడకపోయినా, కట్లూ కోతలూ లేకుండా నేరుగా ఆసుపత్రికే.

ఇదంతా రాశాక మా వాడు లేవబోయాడు. "కూర్చో, అసలుది ఇప్పుడు చెప్తాను" అన్నాను.

పాతికేళ్ళు కావస్తోంది. ఏజెన్సీ నుంచి బదిలీ అయి, మైదానంలో ఒక ఆసుపత్రికి వచ్చాను. బట్టల కొట్లో పనిచేసే కుర్రవాడు, ఇరవయ్యారేళ్ళు, నాలుగు రోజుల జ్వరంతో చేరాడు. తలనొప్పి, వాంతులు. ఏం తిన్నావు, దగ్గుందా, విరేచనం ఎలా ఉంది, అన్నీ అడిగాను. రక్తం పంపితే వైడాల్ పరీక్ష పాజిటివ్ అని వచ్చింది. టైఫాయిడ్ అనుకుని మందులు మొదలుపెట్టాను. మూడో రాత్రి సంధి మాటలు, ఆ వెంటనే ఫిట్సు. మంచం పక్కన నిలబడ్డ వాళ్ళన్న తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు: "కొండల్లోకి చేపలకెళ్ళొచ్చిన దగ్గర్నించీ మనిషి ఇలాగే ఉన్నాడండీ."

అప్పుడు రక్తపు చుక్క అద్దంమీద పరిపించి చూశాను. ఎర్రకణాల నిండా ఫాల్సిపారం ఉంగరాలు. క్వినైను ఎక్కించాం. తెల్లవారకముందే చనిపోయాడు.

మూడేళ్ళపాటు ఏజెన్సీలో జ్వరం అనగానే రక్తం తీసినవాణ్ణి నేను. ఈ కుర్రవాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, మైదానంలో, ఫ్యాను కింద మంచంమీద పడుకుని ఉన్నాడు. అందుకని అడగలేదు. "ఎక్కడికైనా వెళ్ళొచ్చావా?" అన్న ఒక్కమాట. మీ డాక్టరు నాకన్నా తెలివైనవాడే కావచ్చు, కాని అతనూ అడగకపోవచ్చు. అందుకని మీరే చెప్పండి అంటున్నాను.

మలేరియా దోమలో ఉంటుందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికిందరాబాదులోనే, 1897 ఆగస్టు 20న. ఇన్నేళ్ళ తర్వాత ఈ జబ్బు దేశంలో బాగా తగ్గింది, నిజమే. ఏజెన్సీ కొండల్లో మాత్రం ఇంకా పోలేదు. అక్కడి అనాఫిలిస్ దోమల్లో ఒక జాతి మురుగులో కాదు, మెల్లగా పారే తేటనీటి వాగుల్లో పుడుతుంది. కుట్టేది పొద్దుగూకినప్పటి నుంచి తెల్లవారేలోగా. మీరు నిప్పుల దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకునే వేళే దానికి భోజనం వేళ. పొడుగు చేతుల చొక్కా, మేజోళ్ళు, డీట్ ఉన్న పూతమందు, మందు అద్దిన దోమతెర, ఇవి గాలాలకన్నా ముందు సంచిలో పడాలి. ముందుజాగ్రత్త మాత్రలూ ఉన్నాయి. డాక్సీసైక్లిన్ ప్రయాణానికి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, వచ్చాక నాలుగు వారాలదాకా రోజూ వేసుకోవాలి. గర్భిణులకూ, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకూ పనికిరాదు. ఎవరికి అవసరమో వెళ్ళే చోటూ, కాలమూ చూసి డాక్టరు చెప్పాలి. సొంతంగా కొనుక్కోకండి. మా వాళ్ళ రెండు రాత్రులకు నేను ఇవ్వలేదు, దోమతెరలనే నమ్ముకున్నాను. ఇవ్వాల్సిందేమోనని తర్వాత రెండుసార్లు అనిపించింది కూడా.

కుట్టిన మర్నాడే జ్వరం రాదు. ఫాల్సిపారానికి మామూలుగా ఒకటి నుంచి రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వైవాక్స్ అయితే కాలేయంలో దాక్కుని నెలల తర్వాత కూడా లేస్తుంది. ఈలోపు మీరు ఊరొచ్చి, ఫొటోలు పంచుకుని, కొండను మరిచిపోయి ఉంటారు. జ్వరం వస్తే వైరలేలే అని మీ షీటులోంచి రెండు మాత్రలు మింగుతారు. పారాసిటమాల్ వేడిని తగ్గిస్తుంది గాని పురుగును తాకదు. జ్వరం వచ్చిన రోజే మలేరియా పరీక్ష చేయించండి. ఒకసారి లేదని వచ్చి జ్వరం తగ్గకపోతే, మర్నాడు మళ్ళీ, ఆ మర్నాడు మళ్ళీ. ఇప్పుడు ఆర్టిసునేటు వంటి మంచి మందులున్నాయి, వేళకు పడితే మనిషి దక్కుతాడు. పొదల్లో తిరిగినవారు చంకల్లో, గజ్జల్లో, నడుం పట్టీ కింద కూడా చూసుకోవాలి. సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పొక్కు కనబడితే అది స్క్రబ్ టైఫస్. నల్లపురుగంత కూడా లేని జీవి కుట్టిన గుర్తు అది. సిగ్గుపడకుండా డాక్టరుకు చూపించండి. దానికి మందు చవక, ఆలస్యమే ఖరీదు.

ఒక చిన్న చీటీ నాలుగు కాపీలు రాసి ఇచ్చాను. "తాజంగి, చింతపల్లి ఏజెన్సీ. రెండు రాత్రులు ఆరుబయట పడుకున్నాను. జ్వరం వస్తే ముందు మలేరియా చూడండి." కింద తేదీలకు ఖాళీ. పర్సులో డబ్బుల పక్కన పెట్టుకోమన్నాను. మా వాడు నవ్వి, "మావయ్యా, ఇది గేటుపాసులా ఉంది" అన్నాడు.

వెళ్ళారు, వచ్చారు. పడిన చేపలు మొత్తం మూడు, అందులో రెండు వేలెడంత లేవట. కొక్కెం ఎవరికీ గుచ్చుకోలేదు. బొగ్గులు టెంటు బయటే ఉన్నాయని ఫొటో తీసి పంపాడు. మా అక్కయ్య ఫోను చేసి, "క్షేమంగా వచ్చేశాడు కదరా, ఇంకా ఆ కాలెండరులో గీతలేమిటి?" అని అడిగింది.

ఇవాళ్టికి పంతొమ్మిది రోజులు. రోజూ రాత్రి తొమ్మిదింటికి మా వాడు "జ్వరం లేదు" అని రెండు ముక్కలు పంపుతాడు. నిన్న పంపలేదు. పదింటికి నేనే ఫోను చేశాను. సినిమా హాల్లో ఉన్నాడు.