దమ్ము

రాయలసీమ పల్లెలలో తిరునాళ్ళ సమయమున రెండు పరీక్షలు జరుగుచుండును. మొదటిది గుండెత్తుట. యువకుడొకడు నున్నని గుండ్రాతిని నేలనుండి మోకాళ్ళ మీదికి, అచ్చటినుండి రొమ్ము మీదికి, పిమ్మట భుజము మీదికి చేర్చి వెనుకకు విడిచివేయును. కొలది క్షణములలో అంతయు ముగియును. రెండవది బండలాగుడు. కాడి కట్టిన ఎద్దులజత నిర్ణయించిన నిమిషములలో రాతిబండను ఎంత దూరము లాగునో కొలిచి బహుమతి నిత్తురు. ఆరంభమున కేకలకు ఉరికిన జత కొంతసేపటికి రొప్పుచు నిలిచిపోవుటయు, నిదానముగా అడుగువేసిన జత కడపటి నిమిషమునందును కదలుచుండుటయు చూపరులెరిగిన విషయములే. గుండెత్తుటలో తేలునది బలము. బండలాగుడులో తేలునది దమ్ము.

ముష్టియుద్ధమును దూరమునుండి చూచువారు దానిని గుండెత్తుట వంటిదని తలతురు. ఒక్క దెబ్బతో ఎదిరి కూలుటయే వారి కంటికి ఆనును. నిజమునకు అది బండలాగుడునకు దగ్గరి చుట్టము. 1867లో ఇంగ్లండున వెలువడిన క్వీన్స్‌బెరీ నియమములు మూడేసి నిమిషముల రౌండ్లను, వాని నడుమ ఒక్కొక్క నిమిషము విశ్రాంతిని ఏర్పరచినవి. నేటి ఒలింపిక్ పోటీలలో అట్టి రౌండ్లు మూడు. అన్నియు కలిపి తొమ్మిది నిమిషములు. ఇంతేనా యని నవ్వువారు ఒక పని చేసి చూడవచ్చును. గడియారమును ఎదుట నుంచుకొని, రెండు పిడికిళ్ళను చెంపల ఎత్తున నిలిపి, మునివేళ్ళపై ముందునకు వెనుకకు కదలుచు మూడు నిమిషములు గడపవలెను. ఎవ్వరిని కొట్టనక్కరలేదు, ఎవ్వరిచేతను దెబ్బ తిననక్కరలేదు. అభ్యాసము లేనివారికి కొంతసేపటికే భుజములు ఇసుకమూటలవలె బరువెక్కును. చేతులు తమంత తామే రొమ్ము వరకు జారును. ఎదిరి కాచుకొనియుండునది ఆ క్షణము కొరకే.

1974 అక్టోబరు 30వ తేదీ తెల్లవారుజామున ఆఫ్రికాలోని కిన్షాసా నగరమున జరిగిన పోటీ దీనికి ప్రసిద్ధమైన నిదర్శనము. ప్రపంచ విజేతయైన జార్జి ఫోర్మన్‌కు అప్పుడు 25 ఏండ్లు. అంతవరకు ఆడిన 40 పోటీలలో ఒక్కటియు ఓడలేదు. 37 పోటీలను ఎదిరి నిలువలేని స్థితికి తెచ్చి ముగించెను. వానిలో పెక్కు రెండు మూడు రౌండ్లు దాటనివే. కావున దీర్ఘముగా పోరాడవలసిన అవసరము అతనికి అరుదుగా కలిగెను. ఎదుట నిలిచిన మహమ్మదాలీకి 32 ఏండ్లు. అలీ త్రాళ్ళకు ఆనుకొని, చేతులతో ముఖమును కప్పుకొని, కొట్టుమన్నట్లు నిలిచెను. ఫోర్మన్ కొట్టెను, మరల మరల కొట్టెను. రౌండ్లు గడచినకొలది అతని చేతులు నెమ్మదించినవి. ఎనిమిదవ రౌండు చివర అలీ వరుసగా వేసిన దెబ్బలకు అతడు కూలెను. దీనిని అలీ యుక్తియని పొగడుట వాడుక. యుక్తియే, సందేహము లేదు. కాని ఏడు రౌండ్లు దెబ్బలు కాచుకొని ఎనిమిదవదానిలో చురుకుగా కదలగల ఊపిరి లేనివానికి ఆ యుక్తి ఏమి అక్కరకు వచ్చును? అయితే దెబ్బలు తినుచు నిలుచుట ఎవ్వరును అనుకరింపదగినది కాదు. 1984లో అలీకి పార్కిన్సన్ వ్యాధి యని వైద్యులు నిర్ణయించిరి. ఆయన ఏండ్ల తరబడి తలకు తిన్న దెబ్బలే అందులకు కారణమని పలువురు భావించిరి.

అలసినవానికి ఓటమికంటె పెద్ద ఆపద కలదు. 1982 నవంబరు 13న అమెరికాలోని లాస్ వేగాస్‌లో కొరియా యువకుడు కిమ్ దుక్-కూ 14వ రౌండు వరకు పోరాడి పడిపోయి, కొలది దినములకే మరణించెను. వృత్తి ముష్టియోధుల ప్రపంచ పోటీలు అదివరకు 15 రౌండ్లుండెడివి. ఆ మరణము పిమ్మట వానిని క్రమముగా పండ్రెండునకు తగ్గించిరి. కావున దమ్ము గెలుపునకు సాధనము మాత్రమే కాదు. అది తలకు అడ్డుగా నిలుచు డాలు.

మరి ఇది ఎట్లు అలవడును? కర్నూలు చెంత హంద్రీనది కావలి ఒడ్డున ఉన్న కల్లూరు నేడు ఆ నగరములో కలిసిపోయినది. కల్లు అను మాటకు రాయి యను అర్థము కూడ కలదు. వేసవిలో కాగిన అచ్చటి నేలపై నడచినవారికి ఆ పేరు తగియే యున్నదని తోచును. అట్టి ఊరి విద్యార్థి ముష్టియుద్ధము నేర్వగోరినచో, తొలినాళ్ళలో అతనికి కావలసినది చేతితొడుగులు గాని త్రాళ్ళు కట్టిన వేదిక గాని కాదు. తెల్లవారకమునుపు లేచు అలవాటును, ఒక గట్టు బాటయు చాలును.

మొదటి కొన్ని వారములు మెల్లగా పరుగెత్తవలెను. ఎంత మెల్లగా ననగా, ప్రక్కవానితో మాటలాడగలిగినంత మెల్లగా. ఉత్సాహవంతులకు ఇదియే మిక్కిలి కష్టము. మొదటి దినమే వాయువేగమున ఉరికి, మూడవ దినమున కాళ్ళనొప్పులని మంచమెక్కువారే ఎక్కువ. గుండె కూడ కండరమే. దినదినము మితమైన శ్రమ నిచ్చినచో అది ఒక్కొక్క స్పందనకు ఎక్కువ రక్తమును పంపగలుగును. కావున విశ్రాంతి వేళ తక్కువ సారులు కొట్టుకొన్నను సరిపోవును. కండరములలో సన్నని రక్తనాళములు పెరుగును. ఈ మార్పులకు వారములు, నెలలు పట్టును. తొందరించినంత మాత్రమున జరుగునవి కావు.

ఆ పునాది పడిన పిమ్మట పోటీ లయను శరీరమునకు నేర్పవలెను. మూడు నిమిషములు వేగముగా పరుగు, ఒక నిమిషము నడక. మరల మూడు నిమిషముల పరుగు. స్కిప్పింగు తాడుతో గూడ ఇట్లే చేయవచ్చును. పాదములు తేలిక పడుటకును, భుజములు ఓర్పు నేర్చుటకును ఆ తాడంత చవుకయైన సాధనము మరొకటి లేదు. పూర్వపు తాలింఖానాలలోని దండీలు, బస్కీలు కూడ ఇందులకు పనికివచ్చును. ఊపిరి సంగతి మరువరాదు. క్రొత్తవాడు దెబ్బ విసరునప్పుడు శ్వాస బిగబట్టును; అందుచేత బహు త్వరగా అలసిపోవును. అభ్యాసమున్నవాడు ప్రతి దెబ్బతోను బుస్సుమని ఊపిరి విడుచును. దెబ్బలు కొట్టుటయు కాచుకొనుటయు మాత్రము గురువు ఎదుట, తలకు రక్షణతో నేర్వవలసినవేగాని మిత్రులతో ఆటగా నేర్వవలసినవి కావు.

విశ్రాంతి సోమరితనము కాదు. శ్రమ శరీరమును అలయించును. దానిని మునుపటికంటె గట్టిపరచునది నిద్ర. ఉదయమున లేచినవెంటనే మణికట్టు నాడిని లెక్కించుకొనువాడు ఒక సంగతి గమనింపగలడు. ఆ లెక్క ఏనాడైన మామూలుకంటె బాగుగా హెచ్చినచో, నాడు పరుగు మానుకొనుట మేలు.

ఇక ఎండ. మే నెలలో కర్నూలు ప్రాంతమున వేడిమి 40 డిగ్రీలు దాటుట సాధారణము. శరీరము వేడికి అలవాటు పడుటకు సుమారు పది పదునాలుగు దినములు పట్టును. ఆలోగా నడియెండలో పరుగెత్తుట సాహసము కాదు, తెలివిమాలినతనము. పరుగునకు ముందును వెనుకను బరువు తూచుకొన్నచో చెమటగా పోయిన నీరెంతయో తెలియును. 50 కిలోల బాలుడు ఒక కిలో తగ్గినచో అప్పటికే అతని దమ్ము సన్నగిల్లుట ఆరంభించినట్లే. ఉప్పు వేసిన మజ్జిగ, రాగిసంగటి, పప్పు, వేరుసెనగ గింజలు ఆ సీమలో దొరకని వస్తువులు కావు. పొడులకును సీసాలకును ధనము వెచ్చించుటకంటె వీనిని వేళకు తినుట మేలు.

నెలల తరబడి కూడబెట్టిన దమ్ము ఎంత స్వల్పకాలములో కరగునో తెలుపు వృత్తాంతము తెలుగునాటనే కలదు. నిఖత్ జరీన్ 1996లో నిజామాబాదున జన్మించెను. మొదట పరుగు పందెములకు సాధన చేయుచు, ముష్టియుద్ధమున బాలికలు లేరేమని తండ్రి నడిగెనట. పిమ్మట విశాఖపట్టణమున భారత క్రీడాప్రాధికార సంస్థలో శిక్షణ పొంది, 2011లో టర్కీలో జరిగిన బాలికల ప్రపంచ పోటీలలో స్వర్ణము గెలిచెను. 2017లో భుజమునకు గాయమై శస్త్రచికిత్స జరిగెను. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల తరగతిలోను, 2023లో ఢిల్లీలో 50 కిలోల తరగతిలోను ప్రపంచ విజేత యయ్యెను.

2024 పారిస్ ఒలింపిక్సులో 52 కిలోల తరగతి లేదు. ఆమె 50 కిలోలలోనే పోటీ చేయవలసివచ్చెను. అచ్చట పోటీ ఉన్న ప్రతి ఉదయమును బరువు తూతురు. తొలి పోటీ గెలిచిన ఆమె, ఆగస్టు 1న చైనాకు చెందిన వు యు చేతిలో 0–5 తేడాతో ఓడెను. బరువు నిలుపుకొనుటకై రెండు దినములు అన్నము తినలేదనియు, నీరు కూడ మానితిననియు, తూచిన పిమ్మట తేరుకొనుటకు వ్యవధి చాలలేదనియు కన్నీటితో విలేకరులకు చెప్పెను. ఎదుట నిలిచినది కూడ సామాన్యురాలు కాదు. ఆ తరగతి స్వర్ణము వు యుకే దక్కెను. అయినను, ఏండ్ల సాధన గల విజేతకే ఆకలిదప్పులు అంత భారమైనప్పుడు, తరగతి కొరకు కడుపు మాడ్చుకొను బాలుని సంగతి చెప్పనేల?

పిమ్మటి సంవత్సరమున మహిళల తరగతులను మార్చిరి. నిఖత్ 51 కిలోలలో సాధన కొనసాగించి, 2025 నవంబరులో గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ కప్పు తుదిపోటీలలో మరల స్వర్ణము నందుకొనెను.