అందరికీ అదే ప్రశ్న

2024 సెప్టెంబరులో సింగరేణి బొగ్గు గనుల లాభాల వాటా ప్రకటించినప్పుడు పర్మినెంటు కార్మికుడికి సగటున లక్షా తొంభై వేల రూపాయలు దక్కింది. అదే ప్రకటనలో, మొదటిసారిగా, కాంట్రాక్టు కార్మికుడికీ వాటా వచ్చింది. మనిషికి 5,000. గోదావరిఖనిలో ఈ ఇద్దరూ వేర్వేరు లోకాల్లో ఉండరు. ఒకే బస్తీలో ఉంటారు, ఒకే ఓపెన్‌కాస్టు దుమ్ము పీలుస్తారు, పిల్లల్ని ఒకే బడికి పంపుతారు. పదో తరగతి ఫలితాలు వచ్చాక ఆ ఇద్దరి పిల్లలూ స్కాలర్‌షిప్‌కు దరఖాస్తు పెట్టుకుంటారు. అలాంటి సాయం చేసేవాళ్లకు ఇక్కడ కొదవ లేదు. పూర్వ విద్యార్థుల సంఘాలున్నాయి, కుల సంఘాలున్నాయి. అమ్మానాన్నల పేరిట కొంత సొమ్ము బ్యాంకులో వేసి, వడ్డీతో ఏటా నలుగురిని చదివించే రిటైర్డు ఉద్యోగులున్నారు. అమెరికా నుంచి తాము చదివిన బడికి డబ్బు పంపేవాళ్లున్నారు. సొమ్ము ఎవరిదైనా చివరికి ఒక ఆదివారం పొద్దున బడి గదిలో ఐదుగురు కూర్చుంటారు. ముందు అరవై దరఖాస్తులుంటాయి, ఇవ్వగలిగేది పన్నెండు మందికే. పైసా జీతం లేని ఈ పనికి సెలవు రోజు వదులుకుని వచ్చినవాళ్లు మంచివాళ్లే అయి ఉంటారు. కానీ ఆ గదిలో న్యాయం జరగడానికి మంచితనం చాలదన్నది నా వాదన. మొదటి దరఖాస్తు తెరవకముందే ఏం అడగాలో, దేనికెన్ని మార్కులో రాసుకుని, ఆ కాగితానికి చివరిదాకా కట్టుబడితేనే ఆ పిల్లల మీద మనకున్న దయ వాళ్లకు అందుతుంది.

కమిటీతో పని లేని సాయాలూ ఉన్నాయి. సింగరేణి డబ్బుతో 2024 జులైలో మొదలైన రాజీవ్ గాంధీ సివిల్స్ అభయహస్తం అలాంటిది. సివిల్స్ ప్రిలిమ్స్ పాసై, ఇంటి ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉన్న ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు లక్ష రూపాయలు ఇస్తారు. ఎవరు పాసయ్యారో యూపీఎస్సీ ముందే తేల్చింది కాబట్టి మళ్లీ తూచే పని లేదు. బడి గదిలోని ఐదుగురికి అలా తేల్చి ఇచ్చేవాళ్లు లేరు. వాళ్ల చేతిలో ఉన్నవి రెండు అంకెలు, ఆదాయం, మార్కులు. రెండూ ముద్ర పడిన కాగితాల మీదే వస్తాయి కనుక నమ్మబుద్ధవుతుంది. ఆ నమ్మకాన్ని కొంచెం పరీక్షించాలి.

ఆదాయం సంగతి చూద్దాం. పర్మినెంటు కార్మికుడి పే స్లిప్పు పైసలతో సహా నిజం చెబుతుంది. అయితే అది చెప్పేది అతను సంపాదించింది. ఇంట్లో మిగిలింది వేరు. ఆ ఒక్క జీతం మీద ముసలి తల్లిదండ్రులు, పెళ్లి కావలసిన చెల్లెలు, పని దొరకని తమ్ముడు బతుకుతూ ఉండవచ్చు. సింగరేణిలో 1990ల మొదట్లో లక్ష దాటిన ఉద్యోగాలు ఇప్పుడు నలభై వేల దగ్గరున్నాయంటే, ఒక జీతం నీడన ఎంతమంది చేరి ఉంటారో ఊహించుకోవచ్చు. కాంట్రాక్టు కార్మికుడు మీసేవలో దరఖాస్తు పెట్టి, తహసీల్దారు ఇచ్చే ఆదాయ పత్రం తెచ్చుకుంటాడు. అతని మస్టర్లు నెలనెలా మారతాయి, టెండరు మారితే పనే ఉండకపోవచ్చు. అయినా పత్రంలో ఒకే అంకె ఉంటుంది. మొన్న వేసవిలో నడుం విరిగి ఇంట్లో పడుకున్న తండ్రి ఉన్న ఇంటికి కూడా పత్రం నిరుడు బాగున్నప్పటి ఆదాయమే చెప్పవచ్చు. ఇందులో ఎవరి మోసమూ లేదు. ఆ కాగితం మనం అడగని ప్రశ్నకు జవాబు చెబుతోంది, అంతే. పైగా ప్రభుత్వం ఒక గీత గీయక తప్పదు. బీసీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు పల్లెలో లక్షన్నర, పట్టణంలో రెండు లక్షలు హద్దు. దాంతో రామగుండం నగరపాలక సంస్థ పరిధిలో 1,90,000 వచ్చే ఇల్లు గీతకు లోపల ఉంటుంది, పక్క మండలంలోని పల్లెలో 1,60,000 వచ్చే ఇల్లు బయట పడుతుంది. లక్షల దరఖాస్తులు చూడాల్సిన ప్రభుత్వానికి అది తప్పదు. అరవై దరఖాస్తులు చూసే కమిటీ కూడా అదే గీతను అరువు తెచ్చుకుని, దాని వెనక దాక్కుంటే మాత్రం తప్పే.

ఇక్కడే ఇంకో పొరపాటు తరచూ జరుగుతుంది. ‘ఈ పిల్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా’ అని దరఖాస్తు పక్కన పెట్టేస్తారు. ఎంసెట్‌లో, ఇప్పటి ఈఏపీసెట్‌లో, పదివేల లోపు ర్యాంకు రాని బీసీ విద్యార్థికి ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో చాలావరకు ప్రభుత్వం కట్టేది 35,000 దాకానే. మిగతాది ఇంటివాళ్లే కట్టుకోవాలి. ఆ 35,000 కూడా సమయానికి రాదు. బకాయిలు ఏళ్ల తరబడి పేరుకుపోయి 2025లో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించేదాకా వెళ్లింది. కాలేజీకి ప్రభుత్వం బాకీ పడితే ఆ ఒత్తిడి దిగేది విద్యార్థి నెత్తిన. ఫీజు కడితేనే సర్టిఫికెట్ అన్న మాట ఆ కౌంటరు దగ్గర వినపడేది అతనికే. కాబట్టి నువ్వు అర్హుడివా కాదా అన్న ప్రశ్న అక్కర్లేదు. ఇప్పటిదాకా చేతికి ఎంత వచ్చింది, ఎవరికి ఏ తేదీలోపు ఎంత కట్టాలి అని అడగాలి. ఈ రెండు ప్రశ్నలు వేసిన కమిటీకి అరవై దరఖాస్తుల వరుస మొత్తం మారిపోతుంది.

మార్కుల విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. కరోనా ఏడాది 2021లో తెలంగాణలో పదో తరగతి పరీక్షలు జరగలేదు. బడిలో వేసిన ఇంటర్నల్ మార్కులతోనే ఫలితాలిచ్చారు. రెండు లక్షల మందికి పైగా పదికి పది జీపీఏ వచ్చింది. ఆ పిల్లల తప్పేమీ లేదు గానీ, ఆ పదిని చూసి ఎవరు ఎవరికన్నా మెరుగో చెప్పగలవాళ్లు లేరు. అంతకు రెండేళ్ల ముందు, 2019 ఇంటర్ ఫలితాల్లో, గోదావరికి అవతలి ఒడ్డున ఉన్న మంచిర్యాల జిల్లా అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. పేపరు మళ్లీ చూస్తే ఆమెకు వచ్చినవి 99. ఆ ఏడాది ఆ ఫలితాల తర్వాత రాష్ట్రంలో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఒక అంకె తప్పుపడితే ఎంత దూరం పోతుందో తెలిసిన రాష్ట్రం మనది. అందుకే ఏ దరఖాస్తునూ ఒక్క మనిషి చూసి పక్కన పెట్టకూడదు, కనీసం ఇద్దరు విడివిడిగా చూడాలి. ఇద్దరి మార్కుల మధ్య తేడా పెద్దదైతే మూడో మనిషికివ్వాలి. మార్కులు వద్దని నేననడం లేదు. మంథని శాసనసభ్యుడిగా ఎదిగిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. ఆ ఆలోచనలో ఉన్నది ప్రతిభ ఒక్కటే కాదు, చదువుకునే వీలు లేని ఊళ్లలోని ప్రతిభ. వంద మార్కులు తెచ్చుకున్న దారి ఎంత ఎత్తుపల్లమో తెలియకుండా ఆ వందను తూచలేం.

అంకెలు నమ్మలేకపోతే మిగిలేది పిల్లలు రాసే ఉత్తరం. కమిటీల్లో కూర్చునేవాళ్లు ఎక్కువగా మొగ్గేది దానివైపే, ఎందుకంటే అందులో మనిషి కనిపిస్తాడు. నాకు అన్నిటికన్నా భయం కలిగించేది కూడా అదే. కళ్లు చెమ్మగిల్లే ఉత్తరం ముందుగా చెప్పేది రాసినవాళ్లకు రాయడం వచ్చునని, లేదా రాయించే పంతులు దొరికాడని. ‘మా నాన్న మట్టి తీసే ఓబీ కంపెనీలో పనిచేస్తాడు. మూడు నెలలుగా పని లేదు. ఫీజు 18,000 కట్టాలి’ అని ఒక పిల్ల మూడు వాక్యాలు రాసి ఆపేస్తే, ఆమె కష్టం తక్కువని కాదు. కష్టాన్ని వర్ణించడం ఆమెకెవరూ నేర్పలేదు, లేదా చెప్పుకోవడం ఆమెకు ఇష్టం లేదు. బొగ్గుబాయి ఇళ్లలో ఆ రెండో కారణం చిన్నదేమీ కాదు. ఇక ఉత్తరం చదివే కన్ను సంగతి. రీమా హన్నా, లీ లిండెన్ అనే ఆర్థికవేత్తలు భారతదేశంలోనే చేసి 2012లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. పిల్లల జవాబు పత్రాల మీద కులం, వయసు, ఆడో మగో అన్న వివరాలను లాటరీ తీసినట్టు అంటించి, దిద్దమని ఉపాధ్యాయులకిచ్చారు. కింది కులమని రాసి ఉన్న పత్రాలకు కాస్త తక్కువ మార్కులు పడ్డాయి. తేడా చిన్నదే, కానీ ఉంది. అది ఎక్కువగా కనిపించింది మొదట దిద్దిన పత్రాల్లో, అంటే ఏది మంచి జవాబో దిద్దేవాళ్లకింకా కుదురుకోని దశలో. తక్కువ వేసినవాళ్లలో కింది కులాల ఉపాధ్యాయులే ముందున్నారు. మనం ఎవరమన్నది మన కంటికి రక్ష కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది. ఉద్యోగాల దరఖాస్తుల మీద సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ 2007లో ప్రచురించిన పరిశోధనలోనూ అవే చదువులున్నా దళితుల, ముస్లింల పేర్లకు పిలుపులు తగ్గాయి. మన దగ్గర ఇంటిపేరు చూస్తే కులం, ఊరిపేరు చూస్తే వాడ, తండ్రి పని చూస్తే యూనియన్ తెలిసిపోతాయి. కాబట్టి మార్కులు వేయని ఒక మనిషి పేర్లు తీసేసి, దరఖాస్తులకు నంబర్లు వేసివ్వాలి. ఉత్తరం బదులు అందరికీ అవే ఐదు ప్రశ్నలుండాలి. ఇంట్లో సంపాదించేవాళ్లెందరు? చదువుకునేవాళ్లెందరు? ఏ తేదీకి ఎంత కట్టాలి? ఏ సాయం ఎంత చేతికొచ్చింది? బడి కాక నువ్వు చేసే పనేమిటి? ఆ చివరి ప్రశ్నకు తెల్లవారుజామున పాల ప్యాకెట్లు వేసే పిల్లవాడు, తమ్ముళ్లకు వండిపెట్టే ఆడపిల్ల ఒక్క వాక్యంలో జవాబు చెప్పగలరు. కన్ను కుదురుకోనిది మొదట్లోనే కనుక, అరవై అయ్యాక మొదట చూసిన పదింటినీ మళ్లీ చూడాలి.

ఇలా చేస్తే పిల్లల్ని అంకెలుగా మార్చినట్టు కాదా అంటారు. ఈ అభ్యంతరం పాతదే, తీసిపారేయదగ్గది కూడా కాదు. 1950ల మధ్యలో ఇజ్రాయెల్ సైన్యంలో కొత్తవాళ్లను ఎంచే పద్ధతిని మార్చమని మనస్తత్వవేత్త డేనియల్ కానమన్‌కు అప్పగించారు. అప్పటికతనికి ఇరవై ఒక్కేళ్లు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు తమకు తోచింది చెప్పే బదులు ఆరు లక్షణాలకు విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటి మార్కులు వేయాలన్నాడు. మమ్మల్ని మరమనుషుల్ని చేస్తున్నావని వాళ్లు గోల పెట్టారు. అతను ఒక మెట్టు దిగాడు. ఆరు మార్కులూ వేశాక కళ్లు మూసుకుని మీ మనసుకు తోచిన ఏడో మార్కు కూడా వేయమన్నాడు. తర్వాత చూస్తే పద్ధతి పాతదానికన్నా బాగా పనిచేసింది, ఆ ఏడో మార్కు కూడా మిగతా ఆరింటి మొత్తమంత బాగానే పనిచేసింది. నాకిందులో నచ్చింది వరుస. మనసుకు చోటుంది, కాకపోతే చివర. ఐదు ప్రశ్నలకూ ఎవరి మార్కులు వాళ్లు, ఇంకా నోరు విప్పకుండా, కాగితం మీద వేసుకున్నాకే మాట్లాడుకోవాలి. ముందే మాట్లాడుకుంటే గదిలో పెద్ద మనిషి ఎవరైతే ఆయన అభిప్రాయమే ఐదుగురి అభిప్రాయంగా బయటకొస్తుంది. రిటైర్డు హెడ్మాస్టరు ‘ఈ పిల్లాడు బాగున్నాడు’ అన్నాక, ఆయన దగ్గరే చదువుకున్న సభ్యుడు కాదనలేడు.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటుంది. గోదావరిఖని లాంటి చోట కమిటీవాళ్లకు ఊరు తెలుసు. ఏ ఇంట్లో తాగుడుంది, ఎవరి కొడుక్కు డిపెండెంటు ఉద్యోగం వచ్చింది, ఎవరు పత్రంలో రాసినదానికన్నా హాయిగా ఉన్నారు అన్నది ఏ పత్రం చెప్పని నిజం. దాన్ని వదులుకోమంటే ఎలా? వదులుకోవద్దు. కాకపోతే ఆ నిజం అరవై ఇళ్ల గురించీ తెలియాలి. పది ఇళ్ల సంగతి తెలిసి, యాభై ఇళ్ల సంగతి తెలియకపోతే ఆ తెలివిడి కొందరికి మేలు, కొందరికి కీడు. ఎక్కువగా మేలు జరిగేది మనకు దగ్గరివాళ్లకే. తెలిసింది నోటిమాటగా కాక రాతపూర్వకంగా ఇవ్వాలి, దాన్ని వేరే సభ్యుడు వెళ్లి సరిచూడాలి. చుట్టం, పక్కింటివాడు, ఒకే యూనియన్ మనిషి దరఖాస్తు వస్తే పేర్లు తీసిన మనిషి ఆ సంగతి చెప్పాలి, ఆ నంబరు దగ్గర ఆ సభ్యుడు బయటికి వెళ్లి టీ తాగి రావాలి. చిన్న ఊళ్లో అందరం చుట్టాలమే కదా అంటే, అందుకే ముగ్గురు కాక ఐదుగురు ఉండేది. పైరవీ అన్న మాట ఇక్కడ ఎంత లోతుకు పోయిందో బదిలీల దగ్గర్నుంచి మెడికల్ బోర్డు దాకా వినేవాళ్లకు తెలుసు. పైరవీ చేసే మనిషి లేనివాడికి దరఖాస్తు ఒక్కటే దిక్కు. దాన్ని పెట్టినప్పుడు ఉన్న నమ్మకం తిరిగి ఇంటికి వెళ్లేటప్పుడూ ఉండాలంటే, ఎవరు ఎందుకు బయటికి వెళ్లారో మినిట్స్ పుస్తకంలో రాసి ఉండాలి.

పేదరికాన్ని రుజువు చేసుకోమనడమే అవమానం అనేవాళ్లతో నేను సగం ఏకీభవిస్తాను. మార్కు వేయని ప్రశ్న అడగకూడదు. ఇంటి ఫొటో, అప్పుల చిట్టా, తల్లి చెవి కమ్మలు కుదువ పెట్టిన రసీదు అక్కర్లేదు. పన్నెండు మందిని వేదిక మీద నిలబెట్టి పెద్ద అట్టముక్క చెక్కుతో ఫొటో తీయడం కూడా అక్కర్లేదు. డబ్బు బ్యాంకు ఖాతాలో పడితే చాలు, దరఖాస్తు కాగితాలు తాళం వేసిన బీరువాలో ఉంటే చాలు. కానీ అసలు ఏమీ అడగకుండా ఇచ్చేస్తే అది అడగడం వచ్చినవాడికీ, తెలిసినవాడికీ పోతుంది.

చివరికి పన్నెండో దరఖాస్తుకూ పదమూడో దానికీ అర మార్కు తేడా వస్తుంది. అర మార్కులో ఏ నిజమూ లేదని ఆ ఐదుగురికీ తెలుసు. అక్కడ మళ్లీ చర్చ పెడితే మొదట్నుంచీ పక్కన పెట్టుకున్న ఇష్టాయిష్టాలన్నీ ఆ ఒక్క సందులోంచి లోపలికొస్తాయి. అలాంటప్పుడు అంత దగ్గరగా ఉన్న నాలుగైదు నంబర్లూ చీటీల మీద రాసి తీయడం నాకు సరైన దారిగా తోస్తుంది. పిల్లల జీవితాల్ని అదృష్టానికి వదిలేస్తారా అని అడగవచ్చు. చీటీ రాని పిల్లకు ఆ పూట అదృష్టం కలిసిరాలేదని చెప్పవచ్చు, నీకు అర్హత లేదని చెప్పడం అబద్ధం. రానివాళ్లందరికీ ఉత్తరం వెళ్లాలి. అందులో ఎన్ని దరఖాస్తులొచ్చాయో, ఎందరికి ఇవ్వగలిగామో, ఏ ఐదు ప్రశ్నలకు మార్కులు వేశామో ఉండాలి. చీటీలో నంబరు రాని పిల్లకు వెళ్లే ఉత్తరంలో ఆ సంగతి కూడా ఉండాలి. ఆమె పేరు ఈ ఏడాది జాబితా కిందనే, ఫీజు కట్టాల్సిన తేదీతో, రాసిపెట్టాలి. పన్నెండు మందిలో ఎవరైనా గురుకులంలో సీటొచ్చి సాయం అక్కర్లేదంటే, ఆగస్టు లోపల మొదటి ఫోన్ ఆ ఇంటికి వెళ్లాలి.